లీవింగ్ సర్ట్ మ్యూజిక్: ఐరిష్ ప్రశ్నకి ఎలా చదివించాలి?

ఐర్లండ్‌లో స్కూలు చదువు చివర రాసే లీవింగ్ సర్ట్ పరీక్షకి మీ అమ్మాయి మ్యూజిక్ తీసుకుంది, ఐరిష్ సంగీతం పుట్టినప్పటి నుంచి విన్న పిల్లలతో పోటీ పడగలదా అని టెన్షన్ పడుతున్నారు కదా, అంత అవసరం లేదండీ. హయ్యర్ లెవెల్ లిజనింగ్ పేపర్ గంటన్నర, 100 మార్కులు, అందులో ఐరిష్ సంగీతం మీద వచ్చేది ఐదో ప్రశ్న ఒక్కటే. వినిపించే ముక్కలకి 15, చిన్న వ్యాసానికి 10.

మన పిల్లలు నోట్సు బట్టీ పట్టి కూర్చుంటారు. వినే భాగానికి అది అక్కరకు రాదు, అక్కడ ముందు తేల్చాల్సింది అది ఏ డాన్స్ ట్యూన్ అనేది. కాస్తో కూస్తో కర్ణాటక సంగీతమో కూచిపూడో నేర్చుకుని ఉంటే సగం పని అయిపోయినట్టే: ట్యూన్ మీద తకిట తకిట అనుకుంటూ పోతే సరిపోయిందా, జిగ్, 6/8 తాళం. మూడు తకిటలకి ఒక బార్ (తాళంలో ఒక చుట్టు) పూర్తవుతుంటే స్లిప్ జిగ్, 9/8. తకధిమి అని పరుగెడితే రీల్, అదే నాలుగు లెక్కలో నిదానంగా ఊగుతూ ఒక స్వరం సాగి పక్కది పొట్టిగా పడుతుంటే హార్న్‌పైప్. పోల్కా 2/4, కార్క్-కెర్రీ సరిహద్దులోని స్లీవ్ లూక్రా వాళ్ల సొత్తు, ప్రాంతీయ శైలుల మీద వ్యాసం వచ్చినా ఈ ముక్క పనికొస్తుంది.

గమకాలు విన్న చెవికి రోల్, కట్ అనే స్వరాలంకారాలు ఇట్టే దొరుకుతాయి. కానీ జవాబులో ఆర్నమెంటేషన్ అని ఊరుకోకుండా ఏ వాయిద్యం మీద వినబడిందో కూడా రాయమనండి. అందరూ ఒకే ట్యూన్ కలిసి వాయిస్తూ, శబ్దం పెంచడం తగ్గించడం లేకపోతే సంప్రదాయ లక్షణం. వెనక కీబోర్డు మీద కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుంపులు), డ్రమ్ కిట్ వినిపిస్తే కాదు. షాన్ నోస్ అనే పాతకాలపు పద్ధతి పాట వస్తే ఇంకా సులువు, వాయిద్యం ఉండదు, ఎక్కువగా ఐరిష్ భాషే, తాళానికి కట్టుబడకుండా మనవాళ్లు రాగం తీసి పద్యం పాడినట్టు ఉంటుంది.

వ్యాసంలో మాత్రం పేర్లు, సంవత్సరాలు పడాలి, మధురమైన సంగీతం అని అరపేజీ నింపితే ఎవరూ మార్కులు వెయ్యరు. హార్ప్ సంప్రదాయానికి హార్ప్ వాయిస్తూ ట్యూన్లు కట్టిన ఓ కారొలన్ (1670–1738), 1792 బెల్‌ఫాస్ట్ ఉత్సవంలో హార్పర్ల దగ్గర ట్యూన్లు రాసుకున్న ఎడ్వర్డ్ బంటింగ్. ఇరవయ్యో శతాబ్దానికైతే షాన్ ఓ రీడా. హార్ప్సికార్డ్ (పియానో లాంటి పాత వాయిద్యం), బౌరాన్ (ఐరిష్ డప్పు) పెట్టి వంతులవారీగా వాయించే బృందం కట్టింది ఆయనే. ఇలాంటివి రెండు మూడు అంశాలు గట్టిగా వస్తే చాలు. పాత పేపర్లు, మార్కింగ్ స్కీములు స్టేట్ ఎగ్జామినేషన్స్ కమిషన్ సైట్‌లో ఊరికే దొరుకుతాయి, ట్యూషన్‌కి డబ్బులు పొయ్యకముందే అవి తీయండి.

ఇంకోటి, దగ్గర్లో సెషన్, అంటే పబ్‌లో వాయిద్యగాళ్లు కూడి వాయించుకునేది, ఎక్కడ జరుగుతుందో కనుక్కుని ఒకసారి తీసుకెళ్లండి. పబ్ అనగానే ఇంట్లో పెద్దవాళ్లు ఏమంటారో అని ఆగకండి, పిల్లలతో వచ్చేవాళ్లు ఇక్కడ మామూలే, సాయంత్రం పెందలాడే వెళ్లి రావాలి అంతే, రాత్రి అయ్యాక పిల్లల్ని ఉండనివ్వరు. వాయించేవాళ్లు ఆపకుండా ఒక ట్యూన్‌లోంచి ఇంకోదానిలోకి దూకేస్తుంటారు, ఎక్కడ మారిందో, జిగ్ నుంచి రీల్‌కి వెళ్లారా లేదా అని అమ్మాయిని చెప్పమనండి.