స్నోఫ్లేక్ ఖర్చు తగ్గించే టూల్‌లో కొత్త ఫీచర్లు వచ్చాయి, తీసుకోవచ్చా?

ప్రశ్న: విజయనగరంలో మాది చిన్న టీమ్. పలాస జీడిపప్పు యూనిట్ల అమ్మకాల డేటా స్నోఫ్లేక్‌లో (డేటా దాచి లెక్కలు తీసే క్లౌడ్ సర్వీసు) ఉంది. మీడియం సైజు వేర్‌హౌస్ (అందులో లెక్కలు చేసే కంప్యూటర్ల గుంపు), ఐదు నిమిషాలకోసారి రిఫ్రెష్ అయ్యే డాష్‌బోర్డు. ఒక టూల్ కొత్త వెర్షన్‌లో ఆటో సస్పెండ్ (పని లేనప్పుడు వేర్‌హౌస్‌ని దానంతటదే ఆపడం), ఆటో సైజింగ్ (సైజు దానంతటదే మార్చడం), క్వెరీవారీ ఖర్చు (డేటాని అడిగే ఒక్కో ప్రశ్నకి ఎంతయిందో) ఇస్తున్నారు. ఫీజు కింద, మిగిల్చిన డబ్బులో వాటా అడుగుతున్నారు. ట్రయల్ గ్రాఫ్‌లో రాత్రి 9:30కి ఖర్చు ఎగురుతోంది. ఆ టైముకి ఆఫీసులో ఎవరూ ఉండరు.

జవాబు: ఆ తొమ్మిదిన్నర మీ రాత్రి కాదు మాస్టారూ. స్నోఫ్లేక్ అకౌంట్‌లో టైమ్‌జోన్ మార్చకపోతే అమెరికా లాస్ ఏంజెలెస్ సమయమే ఉంటుంది. అక్కడ వేసవి సమయం నడిచేటప్పుడు రాత్రి 9:30 అంటే మనకి మర్నాడు ఉదయం 10. అంటే మీవాళ్లంతా ఆఫీసుకొచ్చి ఒకేసారి డాష్‌బోర్డు తెరిచే టైము. మల్టీ క్లస్టర్ (రద్దీకి అదనపు కంప్యూటర్ల గుంపు లేచే ఏర్పాటు) పెట్టుకుని ఉంటే అప్పుడే రెండో గుంపు లేస్తుంది. నవంబరులో గడియారాలు వెనక్కి జరిగాక అదే ఎగుడు గ్రాఫ్‌లో 8:30కి కనబడుతుంది, మళ్లీ కంగారు పడొద్దు. టూల్ లాగిన్ అయ్యే యూజర్‌కి టైమ్‌జోన్ ఆసియా కోల్‌కతా పెట్టండి. రాత్రి జాబ్ ఏదో నడుస్తోందని వెతుకుతూ కూచుంటే దొరకదు, లేదు కాబట్టి.

ఇక అసలు ఖర్చు. మీడియంకి గంటకు 4 క్రెడిట్లు (స్నోఫ్లేక్ బిల్లు వేసే యూనిట్లు). ఆటో సస్పెండ్ 600 సెకన్ల దగ్గరే వదిలేస్తే, ఐదు నిమిషాలకోసారి వచ్చే రిఫ్రెష్ వేర్‌హౌస్‌ని ఎప్పటికీ పడుకోనివ్వదు. రోజుకు 96 క్రెడిట్లు. క్వెరీ నడిచేది 20 సెకన్లే అనుకోండి. సస్పెండ్ 60 సెకన్లకి దించితే విడతకు సుమారు 80 సెకన్లు, రోజుకు 288 విడతలు, 25.6 క్రెడిట్లు. అన్నిటికంటే చిన్న సైజైన ఎక్స్‌స్మాల్‌కి దించితే క్వెరీకి నిమిషం పట్టినా 9.6. పొద్దున్న 9 నుంచి రాత్రి 8 దాకా గంటకోసారి చాలనుకుంటే 12 విడతలే, 0.4 క్రెడిట్. సస్పెండ్ తనిఖీ దాదాపు 30 సెకన్లకోసారి జరుగుతుంది కాబట్టి నిజం బిల్లు కాస్త ఎక్కువే ఉంటుంది, అయినా తేడా ఎంతో చూడండి. దీనికి టూల్ ఎందుకు? వేర్‌హౌస్ సెట్టింగ్‌లో రెండు అంకెలు, డాష్‌బోర్డు షెడ్యూల్‌లో ఒక మార్పు.

ఈ "లైవ్ డాష్‌బోర్డు" మోజు ఒకటి. గోడౌన్ ఎంట్రీలు సాయంత్రం ఒకసారి ఎక్కుతుంటే ఐదు నిమిషాలకోసారి కొత్తగా చూసేదేముంది? నిజానికి డేటా మారకపోతే, క్వెరీ అక్షరం పొల్లు పోకుండా అదే అయితే, స్నోఫ్లేక్ 24 గంటల దాకా పాత ఫలితమే ఇస్తుంది, వేర్‌హౌస్ లేవాల్సిన పనే లేదు. మరి ఎందుకు లేస్తోందంటే, చాలాచోట్ల "చివరి రిఫ్రెష్ సమయం" చూపించడానికి క్వెరీలోనే కరెంట్ టైమ్‌స్టాంప్ (ఆ క్షణం సమయం ఇచ్చే ఫంక్షన్) పెట్టేస్తారు. ఆ ఒక్క కాలమ్‌తో క్యాష్ (దాచి ఉంచిన పాత ఫలితం) పోయినట్టే. ముందు దాన్ని తీసేయండి.

వాటా పద్ధతిలో చిక్కు కూడా ఇదే. టూల్‌వాళ్లు ట్రయల్‌కి ముందున్న ఖర్చుతో పోల్చి "ఇంత మిగిల్చాం" అంటారు. 96 క్రెడిట్ల రోజులతో పోల్చనిస్తే, పైన చెప్పిన ఉచిత మార్పులకి కూడా ప్రతి నెలా వాటా కడతారు. మీరు సరిచేసుకుని, ఒక నెల పూర్తి బిల్లు వచ్చాక అప్పుడు పిలవండి.

ఫీచర్ల సంగతి. క్వెరీ అవగానే సస్పెండ్ చేయడం వినడానికి బాగుంటుంది గానీ, వేర్‌హౌస్ లేచిన ప్రతిసారీ కనీసం 60 సెకన్ల ఛార్జీ పడుతుంది. ఇరవయ్యో సెకనులో ఆపి ముప్ఫయ్యో సెకనులో లేపితే ఆ ఒక్క నిమిషానికే రెండుసార్లు కడతారు. పైగా ఆపినప్పుడల్లా లోకల్ క్యాష్ (వేర్‌హౌస్ తన దగ్గర దాచుకున్న డేటా) పోయి తర్వాతి క్వెరీ నెమ్మదిస్తుంది.

ఆటో సైజింగ్‌ని నేను అంత తేలిగ్గా నమ్మను. సైజు ఒక మెట్టు దిగితే గంట రేటు సగమవుతుంది, కానీ మెమరీ చాలక డేటా రిమోట్ స్టోరేజ్‌కి పొంగితే సమయం రెట్టింపు దాటిపోతుంది, లాభం పోయి నష్టం మిగులుతుంది. క్వెరీ హిస్టరీలో రిమోట్ స్టోరేజ్‌కి స్పిల్ అయిన బైట్ల కాలమ్ ఉంటుంది. అది సున్నా ఉన్న వేర్‌హౌస్‌నే దించండి.

క్వెరీవారీ ఖర్చు మాత్రం నిజంగా పనికొస్తుంది. అయితే స్నోఫ్లేక్‌లోనే క్వెరీ అట్రిబ్యూషన్ హిస్టరీ అనే వ్యూ (పట్టిక లాంటిది) ఉంది, 8 గంటల దాకా ఆలస్యంగా నిండుతుంది. అందులో ఖాళీగా కూచున్న సమయం లెక్కకి రాదు, అందుకే మొత్తం కూడితే బిల్లుకంటే తక్కువొస్తుంది. వేర్‌హౌస్ మీటరింగ్ హిస్టరీలో కంప్యూట్ క్రెడిట్ల నుంచి క్వెరీలకు అంటగట్టిన క్రెడిట్లు తీసేస్తే వృథా ఎంతో తేలుతుంది. మీ కేసులో ముందు చూడాల్సింది ఆ అంకెనే. ఒక్కో రిపోర్టుకీ క్వెరీ ట్యాగ్ (క్వెరీకి తగిలించే గుర్తు) పెడితే ఎవరి వాటా ఎంతో కూడా తెలుస్తుంది.

టూల్ పెట్టాలనే అనుకుంటే మొదట మానిటర్ అనుమతి (చూడటానికి మాత్రమే), అకౌంట్ యూసేజ్ (వాడకం వివరాల పట్టికలు) చదివే హక్కు ఇస్తే చాలు. మోడిఫై ఇస్తే సైజు మార్చేస్తుంది, ఆపరేట్ ఇస్తే నడుస్తున్న క్వెరీలని కూడా ఆపేయగలదు. దాని సొంత క్వెరీలకి వేరే ఎక్స్‌స్మాల్ కేటాయించండి.

రిసోర్స్ మానిటర్ (క్రెడిట్ల వాడకానికి కోటా పెట్టే సెట్టింగ్) తప్పకుండా పెట్టుకోండి. నోటిఫై ఒక్కటే పెడితే మెయిల్ వస్తుంది అంతే, ఖర్చు ఆగదు. సస్పెండ్ కూడా ఎంచుకోవాలి. స్నోపైప్ (ఫైళ్లని దానంతటదే ఎక్కించేది), ఆటో క్లస్టరింగ్ (టేబుల్ డేటాని వరసలో పెట్టేది) లాంటి సర్వర్‌లెస్ ఖర్చు, అంటే మీ వేర్‌హౌస్ వాడకుండా స్నోఫ్లేకే నడిపే పనుల ఖర్చు, దాని కిందకి రాదు, దానికి బడ్జెట్స్ అనే ఫీచర్ చూడాలి. రోజువారీ కోటా మళ్లీ మొదలయ్యేది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రికి, అంటే మనకి తెల్లవారి 5:30కి. సాయంత్రం కోటా అయిపోతే అప్పటిదాకా ఆగాలి, లేదంటే అకౌంట్ అడ్మిన్ చేత పెంచించుకోవాలి.