పాఠకుల సందేహాలు: పాత పీహెచ్‌పీ మీద ఉన్నవారిని ఏం చేయాలి?

ప్రశ్న: వర్డ్‌ప్రెస్ సైట్లలో ఆనాటి తిథి, నక్షత్రం చూపించే చిన్న ప్లగిన్‌ను కొన్నేళ్లుగా ఉచితంగా అందిస్తున్నాను. ఇంతవరకు అది, సర్వరులో వర్డ్‌ప్రెస్‌ను నడిపే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీలో, 5.6 వెర్షన్ మీద కూడా నడిచేది. తర్వాతి వెర్షన్‌కు కనీసం 7.4 ఉండాలని నిర్ణయించాను. వాడేవారిలో ఎక్కువమంది గుడి కమిటీలవారు, చిన్న పత్రికలవారు. వారి సైట్లు ఆగిపోకుండా ఈ మార్పు ఎలా చేయాలి?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: మీ నిర్ణయం సరైనదే. పీహెచ్‌పీ 7.4కే 2022 నవంబరుతో భద్రతా సవరణలు ఆగిపోయాయి, ఇక 5.6ను మోయడంలో అర్థం లేదు. వర్డ్‌ప్రెస్ కూడా 2019 మే నెలలో, తన 5.2 వెర్షన్‌తో, కనీస పీహెచ్‌పీని 5.2.4 నుంచి ఒకేసారి 5.6.20కి పెంచింది. అయితే అంతకు ముందు ఫిబ్రవరిలో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.1లోనే, పాత పీహెచ్‌పీ వాడుతున్న సైట్ల డ్యాష్‌బోర్డులో హెచ్చరికను, మార్చుకునే పద్ధతి వివరించే పేజీని చూపించింది. మీరూ అదే వరుసలో వెళ్లండి.

ముందుగా, తెలిసిన లోపాలన్నీ సరిచేసి, 5.6 మీద నడిచే చివరి వెర్షన్‌ను విడుదల చేసి, కొన్ని నెలలు ఆగండి. సర్వరులో 7.4 కంటే పాతది ఉంటేనే, అదీ నిర్వాహకులకు మాత్రమే కనబడేలా అందులో ఒక సూచన పెట్టండి. ‘పీహెచ్‌పీ 7.4 అవసరం’ అని ఊరుకుంటే కమిటీ కార్యదర్శికి అది బోధపడదు. ‘మీ సర్వరులో ఫలానా వెర్షన్ ఉంది, మా తర్వాతి ప్లగిన్‌కు 7.4 కావాలి, దానిని మార్చేది మీ హోస్టింగ్ కంపెనీ, అంతవరకు ఇప్పుడున్న ప్లగిన్ ఎప్పటిలాగే పనిచేస్తుంది’ అని తెలుగులోనే రాయండి. మార్చేముందు బ్యాకప్ తీసుకోమని కూడా చెప్పండి, ఎందుకంటే డేటాబేసుతో పనిచేసే పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను పీహెచ్‌పీ 7.0లోనే తొలగించారు కనుక, ఎప్పుడో రాసిన థీమ్ ఏదైనా ఉంటే సైటు మొత్తం తెల్లటి పేజీగా మిగలవచ్చు. అప్పుడు నింద మీ ప్లగిన్ మీదికే వస్తుంది.

కొత్త వెర్షన్‌లో, రీడ్‌మీ (ప్లగిన్ వివరాల ఫైలు)లోనూ ప్రధాన ఫైలు శీర్షికలోనూ ‘రిక్వైర్స్ పీహెచ్‌పీ’ పంక్తిలో 7.4 అని రాయండి. వర్డ్‌ప్రెస్ 5.2 నుంచి ఈ పంక్తిని చూసి, పాత పీహెచ్‌పీ ఉన్నచోట ప్లగిన్‌ను చేతనం (యాక్టివేట్) చేయనివ్వదు. కానీ అప్పటికే చేతనంగా ఉన్న ప్లగిన్ మీద, ఎఫ్‌టీపీతో (సర్వరుకు ఫైళ్లు పంపే పద్ధతితో) కొత్త ఫైళ్లను నేరుగా ఎక్కించేవారికి ఈ అడ్డు తగలదు. అందుకే ప్రధాన ఫైలును పాత వ్యాకరణంలోనే ఉంచి, వెర్షన్ సరిపోతేనే మిగతా ఫైళ్లను పిలవండి. 7.4తో వచ్చిన, టైపును ముందే ప్రకటించే ప్రాపర్టీ (టైప్డ్ ప్రాపర్టీ) ఒక్కటి ప్రధాన ఫైలులో ఉన్నా, పాత పీహెచ్‌పీ ఆ ఫైలును చదవలేక అక్కడే ఆగిపోతుంది. మీరు రాసిన తనిఖీ నడవనే నడవదు. నేర్పున్న ప్రోగ్రామర్లు కూడా ఇక్కడే పొరబడతారు.

భద్రతా సవరణను, కనీస వెర్షన్ పెంపును మాత్రం ఎన్నడూ ఒకే విడుదలలో కలపవద్దు. అలా కలిపితే పాత సర్వరువారికి ఆ సవరణ అందే దారే మూసుకుపోతుంది. పెంపు తర్వాత లోపం బయటపడితే 5.6 మీద నడిచే పాత వెర్షన్ శాఖకూ సవరణ చేయండి. అయితే ప్లగిన్ల డైరెక్టరీ తనంతట తాను అందించేది ఒకే స్థిర వెర్షన్‌ను కాబట్టి, ఆ పాత జిప్ ఫైలును ఎక్కడి నుంచి దించుకోవాలో ప్లగిన్ పేజీ పైభాగంలోనే రాసి ఉంచండి.