ఇంట్లో టోర్ రిలే నడిపితే చిక్కులు వస్తాయా?

హైదరాబాద్‌లో మీ ఇంటి ఫైబర్ కనెక్షన్ మీద టోర్ రిలే పెట్టాలనుకుంటున్నారట. టోర్ అంటే ఎవరు ఏ సైటు చూస్తున్నారో తెలియకుండా డేటాను మూడు సర్వర్ల మీదుగా తిప్పే నెట్‌వర్క్. అలాంటి ఒక్కో సర్వరే రిలే: మొదటిది గార్డ్, నడిమిది మిడిల్, చివరిది ఎగ్జిట్. పోలీసులు వస్తారా, నెలకు ఎంత ఖర్చవుతుంది అని అడిగారు. జర్మనీలో ఉంటూ చాలా కాలంగా రిలేలు నడుపుతున్నవాడిగా చెబుతున్నాను. సాధారణంగా పోలీసులు రారు. తలుపు మూసేది బ్యాంకు.

ఎగ్జిట్ రిలేని ఈ లెక్కలో కలపకండి. టోర్‌లో వెళ్లేవాడు ఏ వెబ్‌సైటు తెరిచినా ఆ సైటుకు కనబడేది ఎగ్జిట్ ఇంటర్నెట్ చిరునామాయే (ఐపీ అడ్రసు). వాడు చేసిన పనికి జవాబు చెప్పుకోవలసింది మీరు. 2017లో మాస్కోలో గణితం బోధించే ద్మిత్రీ బోగతోవ్‌ను అరెస్టు చేశారు. ఎవరో రెచ్చగొట్టే రాతలు రాస్తే అవి ఆయన ఇంటి ఎగ్జిట్ చిరునామా నుంచి వచ్చినట్టు కనిపించాయి. మరుసటి ఏడాది కేసు ఎత్తేశారు కానీ, ఆ లోపు ఆయన జైల్లోనూ, గృహ నిర్బంధంలోనూ గడపాల్సి వచ్చింది. కాబట్టి ఇంట్లో ఎగ్జిట్ వద్దు, దీని మీద నాతో వాదన పెట్టుకోవద్దు. సెట్టింగుల ఫైలులో ‘ఎగ్జిట్‌రిలే 0’ అన్న ఒక్క వరుస రాస్తే మీది గార్డ్‌గానో, మిడిల్‌గానో మాత్రమే పనిచేస్తుంది. నేను ఇంట్లో నడిపింది అలాంటిదే. దాని పేరు గోంగూర. రిలే పేరు ఆంగ్ల అక్షరాలు, అంకెల్లోనే ఉండాలి, 19 అక్షరాలు దాటకూడదు. తెలుగు లిపిలో పెట్టుకోనివ్వరు, అదొక వెలితి.

ఒక వేసవిలో అమ్మా నాన్నా మా దగ్గరికి వచ్చారు. నాన్న రైల్వే మెయిల్ సర్వీసులో సార్టరుగా చేసి రిటైరయ్యారు. ఇండియాలో ఆయన ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరుతోంది, ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేయాలి. లాప్‌టాప్ ముందు కళ్లజోడు సర్దుకుని కూర్చుంటే బ్యాంకు సైటు తెల్లటి పేజీ ఒకటి చూపించింది. ‘అనుమతి లేదు’ అనీ, దాని కింద రైలు టిక్కెట్టు మీద ఉండేలాంటి పొడవాటి అంకె ఒకటీ. అంతకు మించి ఒక్క ముక్క లేదు. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే బ్రౌజర్ క్యాషే తుడవమన్నారు. తుడిచాం. ఇంకో బ్రౌజర్‌లో చూడమన్నారు. చూశాం. కాసేపు ఆగి ప్రయత్నించమన్నారు. ఈ దేశంలో రాత్రి పదయింది, నాన్న మాత్రం కుర్చీలోంచి లేవలేదు. చివరికి మా ఆవిడ తన ఫోన్ హాట్‌స్పాట్ పెట్టింది. పేజీ ఠక్కున తెరుచుకుంది.

“అయితే మన ఇంటి వైఫైని వెలివేశారా ఏమిటి?” అన్నారు నాన్న.

నిజంగానే వెలివేశారు. రిలేల చిరునామాలు రహస్యం కాదు. డైరెక్టరీ అథారిటీలనే కొద్దిపాటి సర్వర్లు గంటగంటకూ పూర్తి జాబితా ప్రకటిస్తాయి, అది లేకపోతే నెట్‌వర్కే నడవదు. ఏ సైటుకైనా ప్రమాదం ఉంటే ఎగ్జిట్ల నుంచే ఉండాలి. ఎగ్జిట్ల జాబితా విడిగా, ఉచితంగా దొరుకుతుంది. మిడిల్ రిలేకు వచ్చిన డేటా మరో రిలేకే పోతుంది, బ్యాంకు గడప తొక్కే అవకాశమే లేదు. అయినా భద్రత పేరుతో జాబితాలు అమ్ముకునేవాళ్లు మొత్తం రిలేలన్నిటినీ ఒకే గాటన కట్టి ఇచ్చేస్తారు, కొన్నవాళ్లు చూడకుండా తగిలించేస్తారు. నేను ఓపికగా ఇదంతా వివరిస్తూ బ్యాంకుకు మెయిలు రాశాను. ‘భద్రతా కారణాల వల్ల’ అని ఒక వాక్యం తిరిగొచ్చింది. ఇలాంటి జాబితా తయారుచేసినవాడికి మిడిల్‌కూ ఎగ్జిట్‌కూ తేడా తెలియదనే నా గట్టి నమ్మకం.

నాన్నకు మాత్రం రెండు నిమిషాల్లో అర్థమైంది. “సీలు వేసిన సంచి. ఎక్కడి నుంచి వచ్చిందో ముందు స్టేషన్ పేరు తెలుసు, ఏ బండికి ఎక్కించాలో తెలుసు, లోపల ఎవరి ఉత్తరాలున్నాయో నాకు తెలియదు, అంతే కదా?” అన్నారు. అంతే అన్నాను. “ఆ పని ముప్పై ఏళ్లు చేశాను. నన్ను ఏ బ్యాంకూ గెంటేయలేదే!” ఆ మాట పట్టుకుని మా ఆవిడ ఇప్పటికీ నన్ను ఆటపట్టిస్తుంది.

గోంగూరను ఆ వారంలోనే అద్దె సర్వరుకు మార్చాను. రిలేను నెట్‌వర్క్ గుర్తుపట్టే తాళంచెవులున్న ఫోల్డరును పాత యంత్రం నుంచి కొత్తదానికి కాపీ చేశాను. అది చేయకపోతే రిలే మళ్లీ పసిపాపే, అంతవరకు సంపాదించుకున్న మంచిపేరు పోతుంది. ఏ కంపెనీ సర్వరు అన్నదీ చూసుకోండి. రిలేల్లో పెద్ద భాగం జర్మనీ, అమెరికా, నెదర్లాండ్స్‌లోనే, అదీ చౌకగా ఇచ్చే కొద్ది కంపెనీల దగ్గరే పోగుపడి ఉంది. మీరూ అక్కడికే వెళితే కొత్తగా చేసే మేలు తక్కువ.

ఇక నన్ను బాగా విసిగించే సంగతి. మిత్రులు ఉత్సాహంగా రిలే పెడతారు, వారం తిరగకుండానే “ట్రాఫిక్ రావడం లేదు, ఎక్కడో తప్పు జరిగింది” అని సందేశం పంపుతారు. ఏ తప్పూ జరగలేదు. మొదటి మూడు రోజులూ కొత్త రిలేను ఎవరూ కొలవరు. తరువాత బ్యాండ్‌విడ్త్ కొలిచే సర్వర్లు మెల్లగా పరీక్షిస్తాయి. ఎనిమిదో రోజు దాటాక గార్డ్ అర్హత రావచ్చు. రాగానే ట్రాఫిక్ పెరగకపోగా పడిపోతుంది! ఎందుకంటే మిడిల్‌గా మీకు వచ్చే పని తగ్గుతుంది, వాడుకరులేమో ఒకసారి ఎంచుకున్న గార్డ్‌ను నెలల తరబడి వదలరు. రెండు నెలలు దాటాకగాని రిలే నిండదు. సరిగ్గా ఆ పడిపోయిన వారంలోనే మనవాళ్లు విసుగెత్తి ఆపేస్తారు. ఆపని కొందరు అప్‌డేట్లు మరిచిపోతారు, కాలం చెల్లిన వెర్షన్‌ను డైరెక్టరీ అథారిటీలు జాబితాలోంచి తీసేస్తాయి. ఆటోమేటిక్ అప్‌డేట్లు పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టదు. రెండో రిలే పెడితే రెండింటినీ ఒకే కుటుంబంగా ప్రకటించాలి, ఒకే మనిషి చేతిలోని రెండు రిలేలు ఒకే దారిలో పడకుండా. ఇది చాలామంది చేయరు.

ఇప్పుడు హైదరాబాద్. మన దగ్గర చాలా ఇళ్ల ఫైబర్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ చిరునామా ఉండదు, ఒకే చిరునామాను ఎంతోమందికి పంచుతారు. బయటివాళ్లు మీ రిలేను చేరలేరు. స్టాటిక్ చిరునామాకు, అంటే మీ ఒక్కరికే ఉండే మారని చిరునామాకు, విడిగా డబ్బు కట్టాలి, కట్టాక నాన్నకు ఎదురైన తెల్ల పేజీ మీకూ ఎదురుకావచ్చు. భారతదేశంలోనే సర్వరు అద్దెకు తీసుకుంటారా, 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఆ కంపెనీలు ఖాతాదారుల వివరాలు ఐదేళ్లు దాచాలి. నాకది నచ్చదు, మీ ఇష్టం.

ఇంటి కంప్యూటర్‌తోనే సాయపడాలంటే స్నోఫ్లేక్ పెట్టుకోండి. అది బ్రౌజర్‌కు తగిలించే చిన్న ఎక్స్‌టెన్షన్. పబ్లిక్ చిరునామా అవసరం లేదు, మీ చిరునామా రిలేల జాబితాకూ ఎక్కదు. టోర్‌ను నిరోధించిన దేశంలో ఉన్న మనిషి మీ బ్రౌజర్ మీదుగా టోర్‌లోకి వస్తాడు, బయటికి వెళ్లేది మాత్రం వేరే ఎగ్జిట్ నుంచే. రష్యా 2021 డిసెంబరులో టోర్‌ను అడ్డుకున్నప్పుడు, 2022లో ఇరాన్ నిరసనల్లో జనం దీన్ని విరివిగా వాడారు. ముసుగు మనిషి బొమ్మ పెట్టి ‘డార్క్ వెబ్ రహస్యాలు’ అని వీడియోలు తీసే మనవాళ్లలో ఒక్కరైనా ఈ సంగతి చెప్పగా నేను చూడలేదు.

ఖర్చు అడిగారు కదా. స్నోఫ్లేక్‌కు విడిగా ఖర్చేమీ లేదు. విదేశంలో చిన్న అద్దె సర్వరుకు నెలకు ఐదారు యూరోలు. ఒప్పందంలో నెలవారీ డేటా పరిమితి ఉందో లేదో ముందే చదవండి, రిలే లోపలికి ఎంత తీసుకుంటుందో బయటికీ అంతే పంపుతుంది, కొన్ని కంపెనీలు రెండూ కలిపి లెక్క కడతాయి.