బస్సు రూటు మీద అభ్యంతరం చెప్పడానికి కర్ణాటక ఆధార్ ఉండాలా?

ప్రశ్న: మాది హిందూపురం దగ్గర పల్లె. తొమ్మిదేళ్లుగా బెంగళూరులో, కాడుగోడి వైపు ఉంటున్నాం. మా కాలనీ మీదుగా మెజెస్టిక్ (నగరం మధ్యలోని పెద్ద బస్టాండు) వెళ్లే బస్సును ఇకమీదట మెట్రో స్టేషన్ దాకా నడిపి అక్కడే ఆపేస్తారట. వచ్చే శనివారం అధికారులు జనం అభిప్రాయం వింటారని బస్టాపులో నోటీసు అంటించారు. నా ఆధార్ ఇంకా ఆంధ్రాదే. కన్నడ మాట్లాడతాను, రాయడం రాదు. "పరాయి ఊళ్లో నీకెందుకమ్మా ఈ గొడవ" అంటున్నారు ఇంటి ఓనరు. నేను మాట్లాడొచ్చా? వినకుండా మార్చేస్తే కోర్టుకు వెళ్లొచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: మాట్లాడొచ్చమ్మా. మీ ఇంటి ఓనరు గారు రెండు వేర్వేరు సంగతులను కలిపేసినట్టున్నారు. 2023 జూన్ 11న మొదలైన శక్తి పథకంలో ఆడవాళ్లు ప్రభుత్వ బస్సుల్లో ఉచితంగా ప్రయాణించాలంటే కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు కావాలి. రూటు మార్పు మీద అభిప్రాయం చెప్పడానికి అలాంటి షరతు ఏదీ లేదు. బస్సు ఎక్కే మనిషైతే చాలు. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 100 కూడా అభ్యంతరం చెప్పే హక్కును "ఎవరైనా" అనే మాటతోనే ఇచ్చింది. స్థానికులనీ ఓటర్లనీ గీత గీయలేదు.

అయితే ఆ సెక్షన్ మీ శనివారం సభకు వర్తిస్తుందా అంటే, బహుశా వర్తించదు. ఇది ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది, లేదంటే అక్కడ లేని హక్కు పట్టుకుని వాదిస్తారు. ఒక ప్రాంతంలోనో ఒక మార్గంలోనో ప్రభుత్వ బస్సులే తిరగాలని రాష్ట్ర ప్రభుత్వం స్కీము తెచ్చినప్పుడు సెక్షన్ 99, 100 పనిచేస్తాయి. ప్రతిపాదన గెజిట్‌లోనూ (ప్రభుత్వ ప్రకటనల పత్రిక), స్థానిక భాషా పత్రికలోనూ రావాలి. గెజిట్‌లో వచ్చిన 30 రోజుల్లోపు అభ్యంతరం వేస్తే, వేసినవాళ్లను పిలిచి వినాలి. అమల్లో ఉన్న స్కీమును మార్చాలన్నా సెక్షన్ 102 కింద మార్పును ప్రచురించి, వినే తేదీ, సమయం, చోటు చెప్పాలి. ఆ తేదీ ప్రచురణకు కనీసం 30 రోజుల తర్వాతే ఉండాలి. మీ బస్సు సంగతి వేరు. చివరి స్టాపు మార్చడం, ట్రిప్పులు తగ్గించడం వంటివి చాలావరకు సిటీ బస్సులు నడిపే సంస్థ బీఎంటీసీ లోపల జరిగే నిర్ణయాలు. వాటికి జనాన్ని పిలిచి వినాలని చట్టం బలవంతపెట్టదు. పిలిచారంటే అది మంచి పద్ధతే, కానీ దాని వెనక గెజిట్ బలం ఉండదు.

కాబట్టి మీ బలమంతా కాగితంలో ఉంది. ఇలాంటి సభలు నేను చాలా చూశాను. ఒకసారి అందరికంటే గట్టిగా, అందరికంటే బాగా మాట్లాడిన పెద్దాయన మాట మినిట్స్‌లో, అంటే సభలో జరిగింది రాసుకునే కాగితంలో, ఒక్క ముక్క లేదు. మూలన కూర్చుని అర పేజీ అర్జీ ఇచ్చిన అమ్మాయిది మాత్రం నంబరుతో సహా ఫైలుకెక్కింది. రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి అధికారికి ఇచ్చి, రెండోదాని మీద సంతకం, తేదీ, సీలు వేయించుకోండి. అక్కడ వేయకపోతే మర్నాడే స్పీడ్ పోస్టులో పంపండి. డిపో మేనేజరుకు ఒకటి, శాంతినగరలోని బీఎంటీసీ ప్రధాన కార్యాలయానికి ఒకటి.

భాష గురించి బెంగ వద్దు. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకు విన్నపం ఇచ్చుకోవచ్చని రాజ్యాంగంలోని 350వ అధికరణం చెబుతోంది. కోలారు, బళ్లారి, పావగడ ఉన్న రాష్ట్రంలో తెలుగు వాడుకలో లేదని ఎవరూ అనలేరు. అయినా నా సలహా మాత్రం కన్నడలోనే ఇవ్వమని. హక్కు నిరూపించుకోవడం కాదు కదా మీకు కావాల్సింది, టేబుల్ అవతలి మనిషి చదవడం. పక్కింటి పిల్లలెవరైనా పది నిమిషాల్లో రాసిపెడతారు. కింద మీ సంతకం తెలుగులో పెట్టినా చెల్లుతుంది.

ఇక అందులో ఏం రాయాలి? "మాకు ఇబ్బంది అవుతుంది" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. మెట్రో ఉంది కదా అని వాళ్లు ముందే జవాబు సిద్ధం చేసుకుని వస్తారు. నిజమే, 2023 అక్టోబరు నుంచి కాడుగోడిలో ఎక్కితే మెజెస్టిక్ మీదుగా చల్లఘట్ట దాకా పర్పుల్ లైన్ ఉంది. కానీ శక్తి పథకం మెట్రోకు లేదు. ఇవాళ నేరుగా ఉచితంగా వెళ్తున్న మీ పక్కింటావిడ రేపు మెట్రో దగ్గర దిగి టికెట్టు కొనాలి. 2025 ఫిబ్రవరిలో మెట్రో గరిష్ఠ ఛార్జీ 60 రూపాయల నుంచి 90కి పెరిగింది కూడా. మీ వీధిలో ఇళ్లల్లో పనికో, గార్మెంట్ ఫ్యాక్టరీకో వెళ్లే ఆడవాళ్లు ఎంతమంది, ఎక్కడ దిగుతారు, నెలకు ఎంత అదనంగా పడుతుందో లెక్క కట్టి రాయండి. మీకు ఉచితం లేకపోయినా ఈ వాదన మీ నోటి నుంచి రావడంలో తప్పేమీ లేదు. తెల్లవారుజామున మెట్రో మొదలుకాక ముందు బయల్దేరేవాళ్లు ఉంటే అది ఇంకా గట్టి పాయింటు. మొత్తం రూటు కాపాడలేకపోయినా పొద్దున రెండు ట్రిప్పులు, సాయంత్రం రెండు ట్రిప్పులు నేరుగా నడపమని ప్రత్యామ్నాయం అడగండి. అధికారికి ఒప్పుకోవడం సులువయ్యే కోరిక అది.

అన్నట్టు, ఉచిత ప్రయాణమే కదా అని కొందరు ఆడవాళ్లు డబ్బు కట్టక్కర్లేని జీరో టికెట్ తీసుకోకుండానే దిగిపోతారు. తీసుకోమని చెప్పండి. లెక్కకెక్కేది టికెట్టే. టికెట్టు లేకపోతే ఆ ట్రిప్పు కాగితం మీద ఖాళీ బస్సు.

ఆ లెక్కలు అడిగే హక్కు మీకుంది. ప్రజల మీద ప్రభావం చూపే ముఖ్య నిర్ణయాలు ప్రకటించేటప్పుడు సంబంధిత వివరాలు ప్రభుత్వ సంస్థలు వాటంతట అవే బయటపెట్టాలనీ, ప్రభావితులకు కారణాలు చెప్పాలనీ సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4(1) సి, డి చెబుతున్నాయి. శనివారం ఈ సెక్షన్ పేరెత్తి ట్రిప్పుల వారీ టికెట్ల లెక్క అడగండి. ఇవ్వకపోతే 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు వేయండి. 30 రోజుల్లో జవాబు రావాలి. కర్ణాటక నియమాల ప్రకారం ఒక దరఖాస్తులో ఒకే విషయం, 150 మాటలకు మించకూడదు. కథంతా రాయకండి.

సభలో ఇంకో ప్రశ్న కూడా వేయండి: "ఇక్కడ వింటున్న మీరే నిర్ణయిస్తారా, వేరే ఎవరైనానా?" దీని వెనక మన కృష్ణా జిల్లా కథ ఉంది. అక్కడి ప్రైవేటు బస్సుల రూట్లను ఆర్టీసీ తీసుకోవాలనుకున్నప్పుడు అభ్యంతరాలు విన్నది కార్యదర్శి, ఆమోదించింది ముఖ్యమంత్రి. ఒకరు విని మరొకరు తేలిస్తే ఆ వినడం ఉత్తుత్తి తంతేనని గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసులో సుప్రీంకోర్టు 1958లో చెప్పింది. మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ కోకా సుబ్బారావు. ఆ సూత్రం చట్టం ప్రకారం జరిగే విచారణలకే అనుకోండి. అయినా ఈ ప్రశ్న అడిగితే అర్జీ ఎవరి టేబుల్ దాకా వెళ్లాలో మీకు తెలుస్తుంది.

కోర్టు విషయం నిజాయితీగా చెప్తాను. సమర్థంగా, సరిపడా బస్సులు నడపాల్సిన బాధ్యత రోడ్డు రవాణా సంస్థల చట్టం, 1950లోని సెక్షన్ 18 సంస్థ మీద పెట్టింది. అదే సెక్షన్ చివర, దీన్ని పట్టుకుని కోర్టులో కొత్త బాధ్యత అంటగట్టలేరని ఒక మెలిక ఉంది. ఏ బస్సు ఎటు పోవాలో హైకోర్టు సాధారణంగా నిర్ణయించదు. ఎక్కువలో ఎక్కువ, మీ అర్జీని పరిశీలించి ఫలానా గడువులో జవాబివ్వమని ఆదేశించవచ్చు. అప్పుడూ మొదట అడిగేది "ముందు వాళ్లకు రాసిచ్చారా?" అనే. సీలు వేయించుకున్న ఆ కాపీ అక్కడ పనికొస్తుంది.

కోర్టు కంటే ముందు శాశ్వత లోక్ అదాలత్ ప్రయత్నించండి. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987లోని సెక్షన్ 22ఎ ప్రయాణికుల రవాణాను ప్రజోపయోగ సేవల్లో చేర్చింది. కోర్టు ఫీజు లేదు, రాజీకే మొదటి ప్రయత్నం. సెక్షన్ 18 మెలిక ఉంది కాబట్టి తీర్పు గెలుచుకోవడం కంటే ఆ నాలుగు ట్రిప్పుల మీద రాజీ కుదుర్చుకోవడానికే వెళ్లండి. ఒకసారి కోర్టులో కేసు వేశాక ఈ తలుపు మూసుకుపోతుంది కాబట్టి వరస తప్పొద్దు. ఇప్పటికి శనివారం లోపు అర్జీ రాయించి, ఆ బస్సు ఎక్కేవాళ్ల సంతకాలు ఎక్కే స్టాపు పేరుతో సహా పెట్టించండి. మీ ఓనరు గారిని కూడా అడగండి, ఆయనా ఆ బస్సే ఎక్కుతుంటారేమో.