అమ్మాయి కేర్ హోమ్‌లోనే ఉంటానంటోంది, ఏ కోర్సు చేయించాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండ్‌లో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పూర్తి చేసి ఇప్పుడు పీఎస్‌డబ్ల్యూ వీసా (చదువయ్యాక కొన్నాళ్ళు అక్కడే పని చేసుకోనిచ్చేది) మీద ఉంది. చదువుకునే రోజుల్లో పార్ట్ టైమ్‌గా చేరిన కేర్ హోమ్‌లోనే (పెద్దవాళ్ళను చూసుకునే చోటు) ఇప్పుడు ఫుల్ టైమ్ చేస్తోంది, అక్కడే కొనసాగుతానంటోంది. తెలిసినవాళ్ళ ద్వారా ఒకాయన కేర్ సర్టిఫికెట్, లెవెల్ 3 డిప్లొమా, వేరే హోమ్‌లో వీసాకు స్పాన్సర్‌షిప్, మూడూ కలిపి 9,000 పౌండ్లకు చేయిస్తానంటున్నాడు. లెవెల్ 2 మంచిదా, లెవెల్ 3 మంచిదా, లేక నర్సింగ్‌లో చేర్పించాలా? పోల్చి చెప్పగలరు. చుట్టాలకు మాత్రం హాస్పిటల్లో పని అని చెప్పాం.

జవాబు: అమ్మా, ముందు ఆ 9,000 పౌండ్లు ఎవరికీ కట్టకండి. ఇప్పటికే అడ్వాన్స్ ఏమైనా ఇచ్చి ఉంటే అది పోయిందనుకుని అక్కడితో ఆపండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. అన్నిటిలోనూ అడిగేది కోర్సు గురించే, కానీ అసలు గుబులు వేరే చోట ఉంటుంది. మీ ఉత్తరంలో అది చివరి వాక్యంలో ఉంది. దాని దగ్గరికి తప్పకుండా వస్తాను.

ఇంగ్లండ్‌లో కేరర్‌గా చేరాలంటే ముందే చేతిలో ఉండి తీరాల్సిన డిప్లొమా అంటూ ఏదీ లేదు. నర్సుకు ఉన్నట్టు రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఉండదు. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో మాత్రం అలా కాదు, అక్కడ కేరర్లు కూడా రిజిస్టర్‌లో చేరాలి, అమ్మాయి ఎప్పుడైనా అటు మారితే ఈ సంగతి గుర్తుంచుకోమనండి. ఇంగ్లండ్‌లో చట్టం ఆ బాధ్యతను హోమ్ నెత్తిన పెట్టింది. పనిలో పెట్టుకున్న మనిషికి శిక్షణ ఇచ్చామని, పని వచ్చో లేదో చూశామని, నేర చరిత్ర తనిఖీ చేయించామని హోమ్ చూపించుకోవాలి, సీక్యూసీ (కేర్ హోమ్‌లపై నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ) వాళ్ళు తనిఖీకి వచ్చినప్పుడు ఆ రికార్డులు అడుగుతారు. అంటే శిక్షణ ఇప్పించాల్సింది యజమాని. మీరు కాదు.

కొత్త కేరర్లకు ఇచ్చే తొలి శిక్షణే కేర్ సర్టిఫికెట్, అది 2015 ఏప్రిల్‌లో మొదలైంది. అప్పట్లో 15 అంశాలు ఉండేవి, 2025లో నేర్చుకునే శక్తి తక్కువగా ఉన్నవాళ్ళ గురించి, ఆటిజం గురించి ఇంకో అంశం కలిపి 16 చేశారు. దీన్ని డబ్బిచ్చి కొనడం ఎందుకు కుదరదో ఒక్క ముక్కలో చెప్తాను. అందులో చాలా భాగం పని చేస్తుండగా పక్కన ఒకరు నిలబడి చూసి, సరిగ్గా చేస్తోందని సంతకం పెట్టాల్సినవి. నాలుగు వీడియోలు చూసి, క్విజ్ రాసి, ఒక పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకుంటే దొరికేది పుస్తక జ్ఞానం వరకే. ఆన్‌లైన్‌లో కొద్దిపాటి పౌండ్లకే అవి దొరుకుతున్నాయి, మీ పెద్దమనిషి మీకు అమ్మబోయేది కూడా అదే అయి ఉంటుంది.

నా దగ్గరికి ఒకబ్బాయి వచ్చాడు, ఫైలు నిండా సర్టిఫికెట్లే, రంగు రంగులవి. మొదటి షిఫ్ట్‌లో సీనియర్ కేరర్ అతన్ని హాయిస్ట్ దగ్గర నిలబెట్టి ‘చెయ్యి పెట్టకు, చూస్తూ ఉండు’ అందట. మంచం మీదున్న మనిషిని లేపి కుర్చీలో కూర్చోబెట్టే యంత్రం అది. ఒక్కరితో అయ్యే పని కాదు, సాధారణంగా ఇద్దరు ఉంటారు. ఆ మనిషికి ఏ సైజు స్లింగ్ (మనిషిని పట్టి లేపే గుడ్డ) వాడాలో కేర్ ప్లాన్‌లో చూసుకోవాలి, స్లింగ్ ఎక్కడైనా చిరిగిందేమో చూడాలి, అటు ఏ రంగు లూపు తగిలిస్తే ఇటూ అదే రంగు తగిలించాలి, ‘ఇప్పుడు పైకి లేపుతున్నాం’ అని ఆ మనిషికి చెప్పాలి, గాల్లో ఉన్నంతసేపూ ముఖం చూస్తూ మాట్లాడుతూ ఉండాలి. లూపు తేడా పడితే మనిషి పక్కకు జారిపోతుంది. ఈ పని ఆ ఫైల్లో ఎక్కడుంది చెప్పండి? ఆ అబ్బాయి రెండు వారాలు చూసి, నేర్చుకుని, తర్వాతే చెయ్యి పెట్టాడు. సర్టిఫికెట్లకు పెట్టిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

మీ అమ్మాయి ఆ హోమ్‌లో చాలాకాలంగా ఉంది కాబట్టి ఇదంతా ఈపాటికి దాదాపు అయిపోయే ఉంటుంది. ఒకసారి అడగండి. ‘కేర్ సర్టిఫికెట్ ఎప్పుడో అయిందమ్మా’ అంటే, మీరు ఆ ప్యాకేజీలో మూడో వంతు ఆమె దగ్గర ఉన్నదానికే మళ్ళీ కట్టబోయారన్నమాట.

ఇక లెవెల్ 2, లెవెల్ 3. మీరు పోల్చమన్నారు గానీ ఇందులో పోల్చడానికి పెద్దగా ఏమీ లేదు. చెప్పినట్టు చేసే కేరర్‌కు లెవెల్ 2, షిఫ్ట్ నడిపేవాళ్ళకు, కేర్ ప్లాన్లు రాసేవాళ్ళకు, కొత్తవాళ్ళకు నేర్పేవాళ్ళకు లెవెల్ 3, హోమ్ మేనేజర్ కావాలనుకునేవాళ్ళకు లెవెల్ 5. ఏదైనా పరీక్ష హాల్లో కూర్చుని రాసేది కాదు, అసెసర్ పని చేస్తుండగా చూసి, రాసినవి చదివి, ప్రశ్నలు అడిగి పాస్ చేస్తారు. ఉద్యోగం లేకుండా డిప్లొమా లేదు. మేనేజర్‌ను అడిగితే హోమే చేయిస్తుంది, అర్హత ఉన్న కోర్సులకు యజమాని ప్రభుత్వం నుంచి డబ్బు తిరిగి తెచ్చుకునే పథకం కూడా ఇంగ్లండ్‌లో ఉంది. ఒక్క జాగ్రత్త చాలు. ‘ఇన్నాళ్ళలోపు మానేస్తే కోర్సు ఖర్చు తిరిగి కట్టాలి’ అని కాగితం మీద సంతకం అడుగుతారు, ఎన్నాళ్ళో, ఎంతో చదివి పెట్టమనండి.

నాకు అసలు అనుమానం కోర్సు మీద కాదు, స్పాన్సర్‌షిప్ మీద. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకు వీసా తలుపు తెరిచారు. ఆ తర్వాత జరిగింది మీరూ వినే ఉంటారు. డబ్బులు కట్టి వెళ్ళినవాళ్ళకు అక్కడ హోమే లేకపోవడం, ఉన్నా వారానికి పది గంటల పని కూడా ఇవ్వకపోవడం. 2022 జూలై నుంచి 2024 డిసెంబరు వరకు కేర్ రంగంలో 470కి పైగా స్పాన్సర్ లైసెన్సులు (విదేశీయులను వీసా మీద పనిలో పెట్టుకునేందుకు యజమానికి ఇచ్చే అనుమతి) రద్దు చేశారు. లైసెన్సు పోతే తప్పు యజమానిదే అయినా కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి కేరర్‌కు ఇచ్చేది మామూలుగా 60 రోజులు. చివరికి 2025 జూలై 22న విదేశాల నుంచి కొత్తగా కేరర్లను తెచ్చుకోవడమే ఆపేశారు. మీ అమ్మాయి అక్కడే ఉంది కాబట్టి దారి పూర్తిగా మూసుకుపోలేదు, ఆ దేశంలో ఉన్నవాళ్ళు ఈ వీసాకు మారడానికి 2028 జూలై 22 వరకు వీలు ఉంచారు. కానీ స్పాన్సర్ చేసే యజమాని దగ్గర అప్పటికే కనీసం మూడు నెలలు చట్టప్రకారం పని చేసి ఉండాలి. మీకు ఆశ చూపిస్తున్న ఆయన వేరే హోమ్‌లో ఇప్పిస్తానంటున్నాడు కదా, మరి అక్కడ మీ అమ్మాయి ఒక్క రోజైనా పని చేసిందా? ఈ ఒక్క ప్రశ్న ఆయన్ని అడిగి చూడండి. అసలు స్పాన్సర్‌షిప్ అమ్మడమే నిబంధనలకు విరుద్ధం, లైసెన్సు ఫీజు, సీఓఎస్ (స్పాన్సర్‌షిప్ పత్రం) ఫీజు యజమాని తానే భరించాలి, ఉద్యోగి నుంచి రాబట్టకూడదు. మీ అమ్మాయి కట్టుకోవాల్సింది తన వీసా దరఖాస్తు ఫీజు.

సరే, సొంత హోమే సక్రమంగా స్పాన్సర్ చేసిందనుకుందాం. అప్పుడు కూడా నేను ఎగిరి గంతేయను. కేర్ వర్కర్ వీసా మీద భర్తను, పిల్లలను తెచ్చుకోవడం 2024 మార్చి 11 నుంచి ఆగిపోయింది. రేపు పెళ్ళి మాట వస్తే ఇది మీ ఇంట్లో పెద్ద చర్చ అవుతుంది, ఇప్పుడే తెలుసుకోవడం నయం. శాశ్వత నివాసం సంగతి చూస్తే, డిగ్రీ స్థాయి కంటే తక్కువగా లెక్కగట్టే ఉద్యోగాలకు 15 ఏళ్ళు ఆగాలని 2025 నవంబరులో ప్రతిపాదన పెట్టారు. జీతం చాలా హోమ్‌లలో కనీస వేతనమో, దానికి కాస్త ఎక్కువో ఉంటుంది. ఆ కనీస వేతనం 2026 ఏప్రిల్ నుంచి గంటకు 12.71 పౌండ్లు. పైగా వీసా ఒక యజమానికి కట్టేసి ఉంటుంది, నచ్చకపోతే మర్నాడే వేరే చోట చేరిపోవడం కుదరదు. వాట్సాప్‌లో ‘కేర్ లైన్‌కు వస్తే సెటిల్ అయిపోవచ్చు’ అని తిరిగే మాటల్లో ఇవేవీ ఉండవు.

మరి బయోటెక్‌లో ఉద్యోగం వెతుక్కోవచ్చుగా అంటారు. వెతుక్కోమనండి, పీఎస్‌డబ్ల్యూ ఉన్నన్నాళ్ళు ఆ ప్రయత్నం ఆపకూడదు. కానీ అక్కడ స్పాన్సర్ కావాలంటే ఏడాది జీతం మామూలుగా 41,700 పౌండ్లు, కొత్తగా చదువు ముగించినవాళ్ళకు సడలింపు ఉన్నా 33,400 దాకా ఉండాలి. తొలి ఉద్యోగంలో అంత ఇచ్చే ల్యాబ్‌లు తక్కువ. అందుకే ఇంతమంది ఎమ్మెస్సీలు కేర్ వైపు చూస్తున్నారు, అది మీ అమ్మాయి చేతగానితనం కాదు.

నర్సింగ్ గురించి. డిగ్రీ ఉన్నవాళ్ళకు అక్కడ రెండేళ్ళలో నర్స్ రిజిస్ట్రేషన్‌కు అర్హత వచ్చే ఎమ్మెస్సీ కోర్సులు ఉన్నాయి, చాలాచోట్ల కేర్ హోమ్‌లో చేసిన గంటలు ప్రవేశానికి పనికొస్తాయి. నర్సులకు వీసా దారి తెరిచే ఉంది, కుటుంబాన్నీ తెచ్చుకోవచ్చు. అయితే విదేశీ విద్యార్థి ఫీజు మళ్ళీ మీ మీదే పడుతుంది, ఒక ఎమ్మెస్సీ అప్పు తీరకుండానే ఇంకో ఎమ్మెస్సీ. అమ్మాయికి ఆ పని మీద నిజంగా మనసుంటే ఈ మూడిట్లో నేను దీనికే ఓటేస్తాను, మనసు లేకపోతే వద్దు. ఆ సంగతి తేల్చాల్సింది నేనూ కాదు, మీరూ కాదు.

ఇప్పుడు చుట్టాల సంగతి. కోప్పడకండి అమ్మా, కానీ ‘హాస్పిటల్లో పని అని చెప్పాం’ అని మీరు రాసింది చదివి నాకు బాధేసింది. ఆ మాట మీరు ఫోన్లో ఎవరితోనో అంటుండగా అమ్మాయి వినే ఉంటుంది. మన ఇళ్ళలో మంచాన పడ్డ అత్తగారికి కోడలు స్నానం చేయించి బట్టలు మారిస్తే ‘ఎంత ఓపిక తల్లీ’ అని పదిమందీ మెచ్చుకుంటారు. అదే పని శిక్షణ తీసుకుని, జీతానికి, రికార్డు రాసుకుంటూ చేస్తే మాత్రం దాచాలా? మీరు లెవెల్ 3 అడిగింది అమ్మాయి పని కోసమా, చుట్టాలకు చెప్పుకోవడానికి డిప్లొమా అనే మాట కావాలనా? నిజం చెప్పండి. నాకు కాదు, మీకు మీరు.

ఆ పనిని పూలపాన్పు అని నేను అనను. ఒకటికీ రెంటికీ తీసుకెళ్ళాలి, ప్యాడ్లు మార్చాలి, పన్నెండు గంటల షిఫ్ట్‌లు, నైట్స్, నడుం నొప్పి. మతిమరుపు జబ్బున్న పెద్దాయన ఒక్కోసారి చెయ్యి విసురుతాడు. నిన్న టీ తాగించిన మనిషి ఇవాళ ఉండదు. కానీ తెలివి లేని పని అనుకుంటే మాత్రం పొరపాటు. ఉదాహరణకు డిమెన్షియా ఉన్న ఒకావిడ స్నానానికి రానంటుంది. లాక్కెళ్ళడానికి లేదు, 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం ఉంది, ఆవిడ ఆ నిర్ణయం తనే తీసుకోగలదా లేదా అన్నది చూడాలి, తీసుకోలేకపోయినా ఆవిడకు మేలైనదాన్ని తక్కువ బలవంతంతో చేయాలి. అలాగని వదిలేస్తే చర్మం పాడవుతుంది. కాస్త అనుభవం ఉన్న కేరర్ పక్కకు తప్పుకుని, పది నిమిషాల తర్వాత వెచ్చని టవల్‌తో వచ్చి, ఆవిడ పెళ్ళినాటి ఫొటో గురించి మాట కలిపి, మాటల్లోనే బాత్‌రూమ్ దాకా నడిపిస్తుంది. తర్వాత వచ్చి అదంతా నోట్స్‌లో రాస్తుంది. గొంతు దిగని మనిషికి నీళ్ళు ఎంత చిక్కగా కలపాలో కూడా అంకెల్లో లెవెల్ ఉంటుంది, తప్పు కలిపితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇది మీ అమ్మాయి రోజూ చేస్తోంది, హోమ్ వాళ్ళు ఫుల్ టైమ్ ఇచ్చారంటే బాగానే చేస్తోందని అర్థం.

అందుకని ఇంత టెన్షన్ పెట్టుకోకండి. మీ అమ్మాయి చేతిలో ఉద్యోగం ఉంది, చట్టప్రకారం పని చేస్తోంది, మూడు నెలల షరతు కూడా ఆ హోమ్‌లో ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఆమె ఇప్పుడు చేయాల్సింది మేనేజర్ దగ్గర కూర్చుని మూడు మాటలు అడగడం. హోమ్‌కు స్పాన్సర్ లైసెన్సు ఉందా, పీఎస్‌డబ్ల్యూ అయ్యేలోపు తనను స్పాన్సర్ చేస్తారా, లెవెల్ 3 ఎప్పుడు మొదలుపెట్టిస్తారు. లైసెన్సు ఉందంటే ప్రభుత్వ జాబితాలో హోమ్ పేరు ఉందో లేదో తనే వెతికి చూసుకోవాలి, ఆ జాబితా అందరికీ కనిపించేలా ఉంటుంది. వాళ్ళు తల అడ్డంగా ఊపితే అప్పుడు ఇంకో హోమో, నర్సింగో, వెనక్కి రావడమో మాట్లాడుకోవచ్చు. అప్పుడు మళ్ళీ రాయండి, ఈసారి అమ్మాయి చేత రాయించండి.

ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు మాత్రం వీసా మాట ఎత్తకండి. ఇవాళ షిఫ్ట్‌లో ఏం చేశావమ్మా అని అడిగి, చెప్పనివ్వండి. అక్కడున్న పెద్దవాళ్ళ పేర్లు అడగకండి, అవి బయట చెప్పకూడదని ఆమెకు మొదటి వారంలోనే నేర్పి ఉంటారు.