నీట్ చదువుతున్న తిరుపతి చెల్లికి: సమర్పించుకోవడం అంటే చదువు మానేయడం కాదు

చెల్లీ, నీ ప్రశ్న చదివాను. తిరుపతిలో నీట్ లాంగ్ టర్మ్, ఇది రెండో ఏడు. చర్చి సంఘంలో పెద్దవాళ్లు "నీ ఆశలన్నీ ప్రభువు పాదాల దగ్గర పెట్టెయ్" అంటున్నారు. అంటే చదువు మానేయాలా, డాక్టర్ కావాలనుకోవడమే తప్పా, సీటు కోసం ప్రార్థన చేయొచ్చా అని అడిగావు.

మానెయ్యొద్దు. ముందు ఆ మాట చెప్పేసి మిగతాది రాస్తాను.

మాది చిత్తూరు. ఇక్కడ ఎవరికి పెద్ద జబ్బు చేసినా వేలూరు సీఎంసీకే పరుగెడతారు. ఆ ఆసుపత్రి పెట్టిన ఐడా స్కడర్ కథ సండే స్కూల్లో విని పెరిగాను. మిషనరీల ఇంట పుట్టినా ఆమెకు ఇండియాలో ఉండిపోవాలని లేదు, అమెరికాలోనే స్థిరపడాలనుకుంది. జబ్బుపడిన తల్లిని చూసుకోవడానికి తిండివనం వచ్చినప్పుడు, ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను కాపాడమని అడిగారు. ఆమెకు వైద్యం తెలియదు. డాక్టరైన తండ్రిని తీసుకెళ్లమంటే మగవాడు వద్దన్నారు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. దాంతో ఆమె దారే మారిపోయింది. 1899లో వైద్య పట్టా తీసుకుంది, 1900లో వేలూరులో ఒక చిన్న గదిలో వైద్యం మొదలుపెట్టింది, 1918లో ఆడపిల్లల కోసం మెడికల్ స్కూల్ తెరిచింది.

ఆ కథ విన్న రోజుల్లోనే నేనూ డాక్టర్‌నవ్వాలని పట్టుపట్టాను. అప్పట్లో నీట్ లేదు, ఎంసెట్. సీటు వచ్చే ర్యాంకు రాలేదు. మళ్లీ లాంగ్ టర్మ్‌కు పంపే స్తోమత నాన్నకు లేదు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరాను.

అప్పుడు నన్ను ఎక్కువ బాధపెట్టింది సాక్ష్యాలు, అంటే దేవుడు తమకు చేసిన మేలు గురించి సంఘం ముందు చెప్పే మాటలు. "నా ఆశ వదిలేశాను, దేవుడు రెండింతలు చేసి ఇచ్చాడు" అని చెప్పేవాళ్లే మైకు ముందుకొస్తారు. ఆశించింది దొరకనివాళ్లు వెనక బెంచీలో కూర్చుని ఆమెన్ అంటారు. అవన్నీ విని విని, సమర్పించుకుంటే సీటు వచ్చి తీరుతుందన్న నమ్మకం మనసులో పడిపోతుంది. అది సమర్పణ కాదు చెల్లీ, బేరం. ఐడాకు డాక్టర్ కావాలని లేదు, అయింది. నాకు కావాలని ఉంది, కాలేదు. ఇద్దరినీ నడిపించింది ఒకే దేవుడని మనస్ఫూర్తిగా ఒప్పుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది.

నాకు ధైర్యమిచ్చింది బైబిల్లోని దావీదు రాజు. దేవుడికి మందిరం కట్టాలన్నది అతని ఆశ. అంతకన్నా మంచి ఆశ ఏముంటుంది? అయినా దేవుడు, నువ్వు కాదు, నీ కొడుకు కడతాడన్నాడు. ఆ ఆశను మాత్రం తప్పుపట్టలేదు. అలాంటి తలంపు నీకు కలగడం మంచిదే అన్నాడని మొదటి రాజుల గ్రంథం 8వ అధ్యాయంలో ఆ కొడుకు సొలొమోనే చెప్తాడు. ఇక దావీదు ఏం చేశాడో మొదటి దినవృత్తాంతాలు 22లో చూడు. తలుపుల మేకులకు ఇనుముతో సహా సమకూర్చాడు. దేవదారు మాన్లు, ఇత్తడి, బంగారం, చెక్కిన రాళ్లు, పనివాళ్లు, అన్నీ. తర్వాత నమూనా కూడా కొడుకు చేతికిచ్చాడు. తన కళ్లతో చూడబోని గుడికి మేకుల దగ్గర్నుంచీ సిద్ధం చేయడం! సమర్పణ అంటే నాకు తెలిసింది అదే. ఆశను చంపుకోనక్కర్లేదు, పని ఆపనక్కర్లేదు, అది నా చేతుల మీదుగానే జరగాలన్న పట్టు మాత్రం వదలాలి.

ఇప్పుడు నా పని సంగతి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకావిడ వారాల తరబడి దగ్గుతో, మందుల షాపు సిరప్పులు తాగి తాగి, చివరికి మా ల్యాబ్‌కు కఫం డబ్బా తెచ్చింది. స్లైడ్ మీద పలచగా పూసి, ఆరబెట్టి, ఎర్ర రంగు పోసి ఆవిరి లేచేదాకా కింద మంట చూపించి, యాసిడ్‌తో కడిగి, నీలం రంగు వేయాలి. తర్వాత నూనె చుక్క వేసి మైక్రోస్కోప్ కింద ఒక్కో చోటా వెతుక్కుంటూ పోవాలి. నీలం మధ్యలో సన్నటి ఎర్ర పుల్లలు కనిపించాయి. టీబీ. ఆ రిపోర్టు వల్లే ఆవిడకు ఉచితంగా మందులు మొదలయ్యాయి. ఆరు నెలల కోర్సు పూర్తయ్యాక చేసిన పరీక్షలో అంతా నీలమే. ఆ స్లైడ్ చూస్తూ కళ్లనీళ్లతో స్తోత్రం చెప్పాను. డాక్టర్ కాలేదన్న బాధ పూర్తిగా పోయిందని చెప్పను, ఎస్వీ మెడికల్ కాలేజీ ముందు నుంచి బస్సు వెళ్తుంటే ఇప్పటికీ ఓసారి తిరిగి చూస్తాను. కానీ ఆ బాధతో పాటే ఈ పని మీద ప్రేమ కూడా ఉంది.

పెద్దవాళ్ల మాట గురించి ఒకటి. గౌరవించు, విను. కానీ ఎవరైనా వచ్చి నువ్వు చదువు ఆపడమే దేవుని చిత్తం అంటే వెంటనే తల ఊపెయ్యకు. వాక్యం చూడు, అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడు, డబ్బు సంగతి కూడా దాచుకోకుండా మాట్లాడు. ఇంకో ఏడు చదివించే శక్తి ఇంట్లో ఉందా లేదా అన్నది కూడా దేవుని చిత్తం తెలుసుకోవడంలో భాగమే. బీఎస్సీ నర్సింగ్‌, ల్యాబ్ కోర్సుల వివరాలు ఇప్పుడే తెలుసుకుని పెట్టుకో. అది అవిశ్వాసమేమీ కాదు.

సీటు కోసం ప్రార్థించొచ్చా అన్నావు. తప్పకుండా ప్రార్థించు, పేరు పెట్టి అడుగు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసయ్య కూడా ముందు ఈ గిన్నె, అంటే రాబోయే ఆ శ్రమ, తొలగించమనే అడిగాడు, ఆ తర్వాతే "నా యిష్టము కాదు, నీ చిత్తమే" అన్నాడు. అదే ప్రార్థన మూడుసార్లు చేశాడని మత్తయి రాశాడు. ప్రభువే అన్నిసార్లు అడిగినప్పుడు నువ్వు మొహమాటపడటం ఎందుకు?

బుధవారం మా సంఘంలో ప్రార్థన అంశాలు రాయించుకుంటారు. నీ పేరు తెలియదు కాబట్టి "తిరుపతి చెల్లి, నీట్" అని రాయిస్తాను. ఫలితం ఎలా వచ్చినా ఇక్కడే నాకు రాయి. రాకపోతే మరీ ముఖ్యంగా రాయి, ఏ కోర్సు ఎలా ఉంటుందో నాకు తెలిసినంత చెప్తాను.