డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లో అమెరికా టాక్స్ ఎక్స్‌టెన్షన్ (రిటర్న్ వేసే గడువు పెంచమనే అర్జీ) ఈ-ఫైల్ చేస్తే రిజెక్ట్ అయింది. పోయినేడాది ఏజీఐ (సర్దుబాట్లు పోగా రిటర్న్‌లో తేలిన మొత్తం ఆదాయం) కరెక్టుగానే ఇచ్చాను. ఇప్పుడేం చేయాలి?

ముందు నేనొకటి అడుగుతాను. ఎక్స్‌టెన్షన్‌తో పాటు కట్టాల్సిన డబ్బు కూడా అదే సాఫ్ట్‌వేర్ నుంచి, మీ బ్యాంకు ఖాతాలోంచి తీసుకోమని పెట్టారు కదూ? పెట్టే ఉంటారు. ఎక్స్‌టెన్షన్ అడిగే 4868 ఫారం ఒక్కటే పంపితే ఏజీఐ గొడవే రాదు. ఖాతాలోంచి డబ్బు తీయమన్నారు కాబట్టే, మీరు మీరో కాదో తేల్చుకోవడానికి ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) పాత ఏజీఐ అడుగుతుంది.

2024 ఏప్రిల్‌లో నాకూ అచ్చం ఇదే అయింది. దానికి విత్తనం మాత్రం అంతకు ముందు ఏడాదే పడింది. మేముండేది ఫ్రీమాంట్‌లో. ఆ చలికాలం తుఫాన్ల వల్ల కాలిఫోర్నియాలో 58 కౌంటీలకి 55 కౌంటీల్లో ఐఆర్ఎస్ 2022 రిటర్న్ గడువును 2023 అక్టోబర్ 16 దాకా పెంచింది. ఫారం అక్కర్లేదు, డబ్బు కూడా అప్పుడే కట్టుకోవచ్చు. తుఫానుకి మా బాల్కనీలో కరివేపాకు మొక్క కూడా వంగలేదు, అయినా గడువు మాత్రం మాకూ వచ్చింది. తీరా అక్టోబర్ 16 రానే వచ్చింది, ఆరోజే ఇంకో నెల పెంచి నవంబర్ 16 అన్నారు. ఇంకేముంది, నేను నవంబర్ రెండో వారం దాకా కదల్లేదు. కదిలినా ఈ-ఫైల్ కాదు, కాగితమే. మా ఆవిడ హెచ్4 (డిపెండెంట్) వీసా మీద వచ్చింది కాబట్టి ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) లేదు. దాని బదులు పన్ను కోసం ఇచ్చే ఐటిన్ నంబరుకి డబ్ల్యూ-7 అర్జీని రిటర్న్‌కి జతచేసి పోస్టులో పంపాలి. ఒరిజినల్ పాస్‌పోర్టు పోస్టులో పడేయడానికి ప్రాణం ఒప్పక, దాన్ని చూసి ధ్రువీకరించే ఏజెంటు దగ్గరికి తిరిగిన కథ ఇంకోసారి చెబుతాను.

ఫిబ్రవరిలో ఐటిన్ వచ్చింది. రీఫండ్ రాలేదు. అప్పుడే నా బుర్రకి వెలగాల్సింది: రిటర్న్ ఇంకా వాళ్ల పుస్తకాల్లోకి ఎక్కలేదు, కాబట్టి నా 2022 ఏజీఐ నా లాప్‌టాప్‌లో ఉందే తప్ప వాళ్ల దగ్గర లేదు. వెలగలేదు.

అసలు ఎక్స్‌టెన్షన్ ఎందుకంటే, 2023 నవంబర్‌లో కంకిపాడు దగ్గరున్న ప్లాటు అమ్మాను. కొన్నాయన పెద్దమనిషే, కానీ వాదనలో దిట్ట. "50 లక్షల లోపు అయితే టీడీఎస్ అక్కర్లేదు బాబూ, మా ఆడిటర్ చెప్పాడు" అని పట్టుకు కూర్చున్నాడు. ఆ 50 లక్షల లెక్క అమ్మేవాడు ఇండియాలో రెసిడెంట్ అయితేనే. అప్పటి రూల్ ప్రకారం ఎన్నారై దగ్గర కొంటే రూపాయి నుంచీ టీడీఎస్ (ముందే కోసే పన్ను) కోయాలి, టాన్ (పన్ను కోసేవాళ్ల నంబరు) తీసుకోవాలి, 27క్యూ (కోసిన పన్ను లెక్క చూపే ఫారం) వేయాలి. ఈ ముక్క ఆయనకి ఎక్కించడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. ఎక్కాక కోశాడు గానీ, 27క్యూ వేయడం మాత్రం "రేపు, ఎల్లుండి" అంటూ ఏప్రిల్ దాకా సాగదీశాడు. నా పేర కట్టిన పన్ను చూపే 26ఏఎస్‌లో ఆ టీడీఎస్ కనబడదు. కనబడినా, ఏప్రిల్ నుంచి డిసెంబర్ దాకా వచ్చిన ఆదాయం మీద ఇండియాలో అసలు పన్నెంతో తేలేది జులైలో అక్కడ ఐటీఆర్ వేశాకే. ఆ అంకె లేకుండా ఇక్కడ, బయటి దేశంలో కట్టిన పన్నుకి క్రెడిట్ అడిగే 1116 ఫారంలో ఏం రాయను? ఇండియాలో ఎఫ్డీలో, అద్దెలో, ప్లాట్లో ఉన్న ప్రతివాడూ కళ్లు మూసుకుని ఎక్స్‌టెన్షన్ వేసుకోవాలని నా అభిప్రాయం. మామూలు గడువు ఏప్రిల్ 15 లోపు లెక్క పక్కాగా తేలిందని ఎవరైనా అంటే, అది లెక్క కాదు, ఊహ.

సరే, ఏప్రిల్ 14 ఆదివారం రాత్రి కూర్చున్నాను. సాఫ్ట్‌వేర్ తెరవగానే అప్‌డేట్ అంది. అప్‌డేట్ అయ్యాక రీస్టార్ట్ అంది. పోయినేడాది ఫైలు దిగుమతి చేసుకుని ఉండటంతో పేర్లూ, అడ్రసూ, ఏజీఐ అన్నీ దానంతట అదే నింపేసింది. ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాను. కట్టాల్సింది 3,400 డాలర్లు తేలింది. ఎక్కువ భాగం ఆర్ఎస్‌యూల (కంపెనీ జీతంతో పాటిచ్చే షేర్ల) పుణ్యం. కంపెనీ వాటి మీద 22 శాతమే పట్టుకుంటుంది, మన స్లాబేమో దానికంటే పైన ఉంటుంది. బ్యాంకు ఖాతా నంబరు ఇచ్చాను, పంపు నొక్కాను. ట్రాన్స్‌మిట్ అయిందని పెద్ద ఆకుపచ్చ టిక్ వచ్చింది. లాప్‌టాప్ మూసేసి పెరుగన్నం తిని పడుకున్నాను.

మా నాన్న ఊళ్లో ఏదైనా ముఖ్యమైన కాగితం పంపితే రిజిస్టర్ పోస్టులోనే పంపేవాడు, అవతలి వాళ్ల సంతకంతో అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు తిరిగొచ్చేదాకా మా ఇంట్లో ఆ పని అయినట్టు కాదు. పోస్టుమాన్ కనబడితే చాలు, "కార్డొచ్చిందా" అని కేకేసేవాడు. ఆ తండ్రికి పుట్టిన నేను ఆకుపచ్చ టిక్ చూసి పడుకున్నాను. ట్రాన్స్‌మిట్ అంటే డబ్బాలో వేశామనే. యాక్సెప్ట్ అని వస్తేనే కార్డొచ్చినట్టు.

సోమవారం మధ్యాహ్నం రెండింటికి మీటింగులో ఉండగా మెయిలొచ్చింది. రిజెక్టెడ్. ఏజీఐ కలవలేదట. నేనప్పుడు మాట్లాడుతున్నాను కూడా, ఏం మాట్లాడానో ఇప్పటికీ గుర్తులేదు. గాభరా ఎందుకంటే, ఎక్స్‌టెన్షన్ రిజెక్ట్ అయితే దానికి తగిలించిన డబ్బూ కదలదు. ఫారం సరిచేసి మళ్లీ పంపడానికి రిజెక్ట్ అయ్యాక 5 రోజులిస్తారు. డబ్బుకి మాత్రం ఆ 5 రోజులు వర్తించవు. అది ఏప్రిల్ 15నే కట్టాలి.

మీటింగయ్యాక సాఫ్ట్‌వేర్‌లో డబ్బు కట్ అయ్యే చోట టిక్ తీసేసి, ఫారం ఒక్కటే మళ్లీ పంపాను. ఏజీఐ అడగలేదు. అరగంటలో యాక్సెప్ట్ అయింది. ఇక డబ్బు. ఐఆర్ఎస్ సైటులో డైరెక్ట్ పే అని ఉంటుంది, ఖాతాలోంచి నేరుగా కట్టొచ్చు, ఫీజు లేదు. అక్కడా మీరెవరో చూస్తారు, కానీ ఏజీఐతో కాదు. ఏదో ఒక పాత సంవత్సరం రిటర్న్‌లో ఉన్న పేరు, ఫైలింగ్ స్టేటస్, అడ్రస్ ఇవ్వాలి. 2022 ఇచ్చాను, కలవలేదు. కలవదు మరి, ఆ రిటర్న్ ఇంకా ఏదో బల్ల మీదే ఉంది. 2021కి వెళ్లాను. అప్పుడు నేను సింగిల్, టెక్సస్‌లో ఇర్వింగ్‌లో ఉండేవాణ్ని, ముగ్గురం రూమ్మేట్లం. వీధి పేరు గుర్తుంది. అపార్ట్‌మెంట్ నంబరు గుర్తులేదు. ఆ రిటర్న్ కాపీ పాత లాప్‌టాప్‌లో ఉంది. పాత లాప్‌టాప్ చార్జర్ ఎక్కడుందో దేవుడికెరుక.

రూమ్మేట్‌కి ఫోన్ చేశాను.

"మామా, మన ఇర్వింగ్ అపార్ట్‌మెంట్ నంబరెంత రా?"

"ఏది? బొద్దింకలదా, పూల్ పక్కదా?"

"2022 ఫిబ్రవరిలో ఉన్నది."

"అది బొద్దింకలదే రా. ఉండు, అప్పుడు తెప్పించుకున్న రైస్ కుక్కర్ ఆర్డర్లో ఉంటుంది."

ఆఫీసు మెట్ల మీద నిలబడి, వాడు పాత ఆర్డర్లు వెతుకుతుంటే నేను గడియారం చూసుకున్నాను. మధ్యలో "ఆ మినప్పప్పు ధర చూడు రా ఎంతుండేదో" అని వాడి కబుర్లొకటి. నాలుగున్నరకి నంబరు దొరికింది. పేమెంట్ కారణం దగ్గర ఎక్స్‌టెన్షన్, సంవత్సరం 2023 ఎంచుకున్నాను, కట్టాను, కన్ఫర్మేషన్ నంబరు ఫొటో తీసి మా ఆవిడకి పంపాను. "ఏంటిది, టికెట్లా?" అని మెసేజ్ పెట్టింది.

ఇప్పుడు అసలు సంగతి. డైరెక్ట్ పేలో ఎక్స్‌టెన్షన్ అని ఎంచుకుని ఏప్రిల్ 15 లోపు డబ్బు కడితే, 4868 ఫారం వేయనే అక్కర్లేదు. ఆ పేమెంటే ఎక్స్‌టెన్షన్. నేను రెండూ చేశాను, ఒకటి అనవసరం. సాఫ్ట్‌వేర్ వాళ్లు తెర మీద ఈ మాట కొట్టొచ్చినట్టు పెట్టరు, ఎందుకు పెడతారు? కాబట్టి డబ్బు బాకీ ఉన్నవాళ్లెవరూ ఎక్స్‌టెన్షన్ కోసం సాఫ్ట్‌వేర్ ముట్టుకోకండి. బాకీ లేనివాళ్లు 4868 ఒక్కటే పంపుకోండి. ఫారాన్నీ డబ్బునీ ఒకే బటన్‌కి కట్టేయడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. ఒక్క జాగ్రత్త: కారణం దగ్గర పొరపాటున ఎస్టిమేటెడ్ టాక్స్ అని నొక్కితే అది ఎక్స్‌టెన్షన్ కింద లెక్కకి రాదు.

సాఫ్ట్‌వేర్ నుంచే కడతానని పట్టుబడితే ఏజీఐ దగ్గర సున్నా పెట్టి చూడండి. పోయినేడాది రిటర్న్ ఆలస్యంగా వేసినవాళ్లకీ, ఇంకా ప్రాసెస్ కానివాళ్లకీ సున్నాయే పడుతుంది. సవరించిన రిటర్న్ ఉంటే దాంట్లో అంకె కాదు, మొదట వేసిన దాంట్లో ఉన్న ఏజీఐ. భార్యాభర్తలు కలిపి వేసిన రిటర్న్ అయితే ఇద్దరికీ మొత్తం అంకే, సగం సగం పంచకండి.

ఇక "ఎక్స్‌టెన్షన్ వేశాంగా, అక్టోబర్‌లో కడదాం" అనేవాళ్లు మా వాట్సాప్ గ్రూపులో అరడజను మంది ఉన్నారు. ఆరు నెలలు కాగితానికే, డబ్బుకి కాదు. నా 3,400 కట్టకుండా వదిలేస్తే నెలకి అర శాతం జరిమానా, అంటే 17 డాలర్లు, ఆ పైన వడ్డీ, అది అప్పుడు ఏడాదికి 8 శాతం ఉండేది. అదే ఎక్స్‌టెన్షన్ కూడా వేయకుండా కూర్చుంటే నెలకి 5 శాతం, 170 డాలర్లు, అలా 25 శాతం దాకా పోతుంది. ఎంత కట్టాలో తేలకపోతే కాస్త ఎక్కువే కట్టండి, మిగిలింది రీఫండ్‌లో వస్తుంది. మొత్తం పన్నులో కనీసం 90 శాతం గడువులోపు చేరి, మిగతాది రిటర్న్‌తో కట్టేస్తే ఆ అర శాతం కూడా పడదు, వడ్డీ మాత్రమే. అదే గ్రూపులో ఇంకో పుకారు, ఎక్స్‌టెన్షన్ వేస్తే ఆడిట్‌కి పిలుస్తారని. నేను రెండుసార్లు వేశాను, ఎవరూ పిలవలేదు. పిలిచేదల్లా హైదరాబాద్ నుంచి టాక్స్ కన్సల్టెన్సీ వాళ్లే, జనవరి మొదలు రోజుకి నాలుగు ఫోన్లు. "సార్, ఫ్రీ ఎస్టిమేషన్ ఇస్తాం సార్, మీ ఫ్రెండ్‌కి 6 వేలు రీఫండ్ తెప్పించాం సార్." ఆ 6 వేలు ఎలా వచ్చాయో ఫ్రెండ్ రిటర్న్ తెరిచి చూస్తే తెలుస్తుంది, చేయని దానధర్మాలు, నడపని కారు మైళ్లు. సంతకం ఫ్రెండ్‌ది, జవాబు చెప్పాల్సిందీ ఫ్రెండే.

స్టేట్ సంగతి అడగలేదు గానీ చెబుతాను. కాలిఫోర్నియాలో ఎక్స్‌టెన్షన్‌కి ఫారం లేదు, ఆరు నెలలు దానంతట అదే వస్తుంది, డబ్బు మాత్రం ఏప్రిల్ 15కే. ఇండియాలో కట్టిన పన్నుకి ఇక్కడ స్టేట్ క్రెడిట్ ఇవ్వదు. నా ప్లాటు మీద ఆ మంట ఇంకా చల్లారలేదు. బయటి దేశాల్లో ఉన్న బ్యాంకు ఖాతాలు చూపించే ఎఫ్‌బార్‌కీ వేరే ఎక్స్‌టెన్షన్ వేయక్కర్లేదు, అడగకుండానే అక్టోబర్ 15.

కంకిపాడు పెద్దమనిషి చివరికి జూన్‌లో 27క్యూ వేశాడు. జులైలో ఐటీఆర్, అక్టోబర్ మొదటి వారంలో ఇక్కడి రిటర్న్, అంటే 1040 ఫారం. ఈసారి ఏజీఐ దగ్గర నా వేలు కాసేపు ఆగింది. అప్పటికి 2022 రీఫండ్ వచ్చేసింది కాబట్టి అసలు అంకే కొట్టాను. గంటలో యాక్సెప్ట్ అయింది. అయినా రాత్రి పన్నెండింటికి లేచి ఇంకోసారి స్టేటస్ చూసుకుంటుంటే మా ఆవిడ దుప్పట్లోంచే అడిగింది, "కార్డొచ్చిందా?" అని.